చెరిపినా చెరగని అయిదు నిమిషాలు

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు ఎలియానా కారిపాన్ "నేను పేరు పెట్టను" అంది. ఆ రోజు అదే మాట ఆమె ఇంకో రెండుసార్లు అనవలసి వచ్చింది, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా.

ఎదురుగా రెనాతో ఒయార్సున్ నవ్వుతూ కూర్చున్నాడు. వల్పరాయిసోలోని మాస్తిల్ సంస్థలో సాంకేతిక విభాగానికి అతనే పెద్ద. దక్షిణాది రేవుల్లో పడవల రాకపోకలు, రేడియో మాటలు, అన్నీ ఆ సంస్థ డిస్కుల్లోనే భద్రం. మూడేళ్ల కిందట ఆ కుర్చీ ఎలియానాది. ప్రతిదానికీ అడ్డం చెబుతోందని ఆమెను సాగనంపి అతన్ని కూర్చోబెట్టారు. అయినా ఫైల్ సిస్టమ్‌లో ఎక్స్‌టెంట్ల భాగం, అంటే ఏ ఫైలులోని ఏ ముక్క డిస్కు మీద ఎక్కడ ఉందో చూసుకునే భాగం, ఆమెకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. అందుకే అక్కడ చీమంత మార్పు చేయాలన్నా ఆమె చదివి కింద తన పేరు పెట్టాలన్న నియమం అలాగే ఉండిపోయింది. రాసేది ఒకరు, చదివేది ఇంకొకరు. రెండు పేర్లు లేనిదే ఏ మార్పూ యంత్రంలోకి వెళ్లదు.

కానీ ఇవాళ ఆమె వచ్చింది పేరు పెట్టడానికి కాదు. జూన్ తొమ్మిదిన దేశానికి దక్షిణపు కొసనున్న మగయానెస్‌లో కాలెతా ఎస్పేరా అనే ప్రైవేటు రేవు దగ్గర పోర్ఫియాదా అనే సరుకుల పడవ గాలికి రాళ్లను గుద్దుకుని మునిగింది. ఇద్దరు పోయారు. రేవు రేడియోలో కూర్చున్న మిలెంకా గల్లార్దో పడవను హెచ్చరించలేదని కేసు. హెచ్చరించానని ఆమె మొదటినుంచీ చెబుతోంది. రికార్డింగులో మాత్రం మధ్యాహ్నం రెండూ ఏడు నుంచి రెండూ పన్నెండు దాకా గరగర తప్ప మరేమీ లేదు. మిలెంకా తరఫున ఆ రికార్డింగు ఉన్న డిస్కును పరీక్షించి నకలు తీసుకోవడానికి కోర్టు ఎలియానాకు అనుమతి ఇచ్చింది. విచారణ ఇవాళే, మగయానెస్‌లోని పుంతా అరెనాస్ ఊళ్లో, మూడు గంటలకు.

అక్కడ మూడంటే ఇక్కడ రెండు. చలికాలంలో దేశమంతా గడియారాన్ని గంట వెనక్కి తిప్పుకుంటుంది, మగయానెస్ వాళ్లు మాత్రం ఏడాది పొడుగునా వేసవి వేళలోనే బతుకుతారు. ఎలియానా చేతిలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు.

"ముందు ఇది చదివి పేరు పెట్టండి దొన్యా ఎలియానా, ఆ తర్వాత డిస్కు దగ్గర ఎంతసేపైనా కూర్చోండి," అన్నాడు రెనాతో. డిస్కు తొంభై ఏడు శాతం నిండిపోయిందట. ఇవాళే ఖాళీ చేయకపోతే యంత్రం ఆగిపోతుందట, ఆగితే ఆవిడ చూడటానికి వచ్చిన రికార్డింగు కూడా అందదట. ఆవిడ మంచికే చెబుతున్నానన్నట్టు చేతులు జోడించాడు కూడా.

మార్పు రెండు వందల పద్నాలుగు వరుసలు. రాసినవారి పేరు నిబాల్దో త్రూరెయో, ఆ విభాగంలోనే పనిచేసే ప్రోగ్రామరు. ఎలియానా కళ్లజోడు తీసి తుడుచుకుని చదవడం మొదలుపెట్టింది. ఆమెకో పద్ధతి ఉంది. చేర్చిన వరుసల జోలికి ముందు పోదు, తీసేసిన వరుసలు చదువుతుంది. చేర్చినవి గొప్పలు చెబుతాయనీ, తీసేసినవి నిజం చెబుతాయనీ ఆమె నమ్మకం.

ఈ ఫైల్ సిస్టమ్ రాసినదాన్ని చెరపదు. ఏదైనా మార్చమంటే కొత్తదాన్ని కొత్త చోట రాసి, దారి చూపే గుర్తును అటు తిప్పుతుంది. పాత ముక్కను ఎవరూ వాడటం లేదని తేలాకే ఆ చోటు ఖాళీ చేస్తుంది. అయితే పాత ముక్క పెద్దదై, మధ్యభాగం మాత్రమే మారితే? తల, తోక ఇంకా వాడుకలోనే ఉంటాయి కాబట్టి ముక్క మొత్తం అలాగే ఉండిపోతుంది. పొడవాటి బల్ల మీద రెండు చివరలా ఇద్దరు కూర్చుని ఉండగా మధ్యవాడు లేచిపోతే బల్ల తీసేయలేం కదా, అలాగన్నమాట. మధ్యవాడు మరిచిపోయిన మూట కూడా ఆ బల్ల మీదే ఉంటుంది.

నిబాల్దో పేరుతో వచ్చిన మార్పు ఆ బల్లను మూడుగా కోసి, మధ్య చెక్కను బయట పారేస్తుంది. చోటు మిగులుతుంది. ఆలోచన చెడ్డదేమీ కాదు, ఎలియానా కూడా ఎన్నోసార్లు అనుకున్నదే. కానీ తీసేసిన వరుసల్లో ఒకటి ఆమె కంట్లో నలుసులా పడింది. ఆరేళ్ల కిందట ఆమె స్వయంగా రాసిన వరుస అది. కొత్త అమరిక డిస్కు మీద పూర్తిగా కుదురుకునేదాకా పాత ముక్కను తుడవవద్దు, ఆగు అని చెప్పే వరుస. దాన్ని పీకేసి ఆ చోట, ఉన్నపళంగా తుడిచెయ్యి అని రాశారు.

"ఇక్కడ ఆగడం ఎందుకు తీసేశారు?" అని అడిగింది.

"వేగం కోసం."

"మధ్యలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. చోటు కావాల్సినవాడు రాత్రికి తుడిచినా సరిపోతుంది. ఇంత తొందరెవరికి?"

"అది మీ కాలం పద్ధతి. ఇప్పుడు యంత్రాలు మారాయి."

"యంత్రాలు మారాయి, కరెంటు పోవడం మారలేదు. నేను పేరు పెట్టను."

రెనాతో నవ్వు సగంలో ఆగింది. ఇందుకే మిమ్మల్ని ఇక్కణ్నుంచి పంపింది అని నెమ్మదిగా అన్నాడు. అందుకే పిలిచారు కూడా అని ఆమె బదులిచ్చి లేచింది. కోర్టు కాగితం అతని ముందు పెట్టి, యంత్రాల గది తాళం అడిగింది. అతను తాళం ఇవ్వలేదు, నిబాల్దోను పిలిచి ఆవిడ వెంట ఉండమన్నాడు. వెంట ఉండటమంటే కాపలా కాయడమని ముగ్గురికీ తెలుసు.

మెట్లు దిగుతూనే ఆమె మిలెంకాకు ఫోను చేసింది. పదకొండూ నలభై. అక్కడ అప్పటికే కోర్టు వరండాలో కూర్చుని ఉందా పిల్ల. వయసు ఇరవై తొమ్మిది, రేడియో ముందు ఆరేళ్ల అనుభవం, ఒక్క ఫిర్యాదు లేదు. మాట మాత్రం జ్వరం వచ్చిన మనిషి మాటలా ఉంది. తప్పు ఒప్పుకుంటే జైలు తప్పుతుందట, వాదించి ఓడితే తప్పదట. ఒప్పుకోవడానికే నిశ్చయించుకున్నానని చెప్పింది.

"నువ్వు చెప్పావా లేదా? అది చెప్పు ముందు," అంది ఎలియానా.

"చెప్పాననే అనుకున్నానండీ. నెల రోజులుగా ఆ గరగర వినిపిస్తూనే ఉన్నారు నాకు. ఇప్పుడు చెప్పానో, చెప్పినట్టు కల కన్నానో నాకే తెలీడం లేదు. ఆ ఇద్దరి ఇళ్లవాళ్లూ ఇక్కడే కూర్చున్నారు. నా వైపు చూడటం లేదు."

ఎలియానాకు ఒళ్లు మండిపోయింది. మనిషి చేసిన పనిని డిస్కులోంచి చెరపడం ఒక నేరమైతే, ఆ మనిషి తలలోంచి కూడా చెరిపేయడం అంతకు పది రెట్లు నేరం. విచారణ మొదలయ్యేదాకా నోరు తెరవవద్దని ఆమె గట్టిగా చెబుతుండగానే ఫోను చేతులు మారింది. కాలెతా ఎస్పేరా రేడియోకి పెద్ద, డాన్ సందాలియో. మిలెంకాకు పని నేర్పిన మనిషి, ఈ రెండు నెలలూ ఆమెను కోర్టుకు తన బండిలో తిప్పుతున్న మనిషి.

"సెన్యోరా, ఈ పిల్లను ఇంక కదపకండి," అన్నాడు తగ్గు గొంతుతో. "అన్నం తిని మూడు రోజులైంది. ఒప్పుకుని బయటపడితే మళ్లీ బతుకు మొదలుపెట్టుకుంటుంది. మీరు ఆశ పెట్టి వెళ్లిపోతారు, తర్వాత ఏడుపు వినేది మేము."

తండ్రి లాంటి మాటే. ఎలియానా సరేనంది కానీ ఆశ పెట్టే పని మానలేదు.

యంత్రాల గదిలో చలి. వరుసగా నిలబడ్డ ఇనుప అరల మధ్య కాలెతా ఎస్పేరా యంత్రం ఎనిమిదోది. దానికి రెండు డిస్కులు, ఒకదానికొకటి నకలు. ఒకటి పాడైనా ఇంకొకటి ఉండాలని ఆ జంట ఏర్పాటు. ఎలియానా తన కంప్యూటరు తీసి మోకాళ్ల మీద పెట్టుకుంది. జూన్ తొమ్మిది రికార్డింగు ఫైలు ఏ ముక్కల మీద నిలబడి ఉందో జాబితా అడిగింది. పన్నెండూ పదిహేనుకు జవాబు వచ్చింది.

మూడు వరుసలు. మొదటిదీ మూడోదీ ఒకే పాత ముక్కను చూపిస్తున్నాయి. మధ్యది మాత్రం డిస్కుకు అవతలి చివరన ఎక్కడో ఉన్న కొత్త ముక్కను చూపిస్తోంది. ఆ కొత్త ముక్క పొడవు సరిగ్గా అయిదు నిమిషాలు. దాన్ని రాసిన రోజు జూలై పదకొండు.

రేడియో రికార్డింగు ఒకసారి రాసి మూసేసేది. నెల తర్వాత దాని మధ్యలో ఎవరో కూర్చుని గరగర రాశారు. చెరిపేశామనుకున్నారు. పాత బల్ల, దాని మీద మూట, రెండూ ఇంకా ఇక్కడే ఉన్నాయి. పైన రెనాతో పేరు పెట్టమని చేతులు జోడించిన మార్పు యంత్రంలోకి చేరిందంటే మరుక్షణం ఉండవు.

ఆమె నిబాల్దో వైపు తిరిగింది. ముప్పై నాలుగేళ్లవాడు, కుదురైన పనివాడు. ఆమె కింద పనిచేసిన రోజుల్లో తన తప్పు తనే పట్టుకుని వచ్చి చెప్పేవాడు. ఇప్పుడు గోడకు ఆనుకుని చేతుల్లోకి ఊదుకుంటున్నాడు.

"ఆ రెండు వందల పద్నాలుగు వరుసలూ నువ్వే రాశావా?"

"పేరు నాదే కదా."

"పేరు గురించి అడగలేదు. జూలై పన్నెండు, సాయంత్రం ఏడూ ఇరవైకి ముగించినట్టు ఉంది. అప్పుడెక్కడున్నావు?"

"ఇక్కడే. పైన, నా బల్ల దగ్గర."

"ఈ చలికాలంలో ఊరు దాటి వెళ్లావా?"

"ఎక్కడికెళ్తాను దొన్యా ఎలియానా, చిన్నదానికి దగ్గు తగ్గందే."

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు."

ఎలియానా కంప్యూటరును అతని వైపు తిప్పింది. ప్రతి మార్పు మీదా తేదీ, వేళ, వాటి చివర ఆ కంప్యూటరు గడియారం ఏ ప్రాంతానిదో చెప్పే అంకె తమంతట తామే పడతాయి. ఆ అంకెను ఎవరూ చదవరు. ఆమె చదువుతుంది. ఏప్రిల్ నుంచి నిబాల్దో చేసిన మార్పులు నలభై ఒకటి. ప్రతిదాని చివరా మైనస్ నాలుగు, అంటే చలికాలపు వల్పరాయిసో వేళ. నలభై రెండోదాని చివర మాత్రం మైనస్ మూడు.

"దేశం నేల మీద ఇప్పుడు మైనస్ మూడు నడిచేది ఒక్కచోటే. నువ్వు ఊరు కదల్లేదన్నావు, మీ అమ్మ మీద ఒట్టేశావు. మరి నీ కంప్యూటరు ఒక్కటే మగయానెస్ వెళ్లి గాలి పోసుకొచ్చిందా?"

నిబాల్దో ఆ అంకె చదివి కింద కూర్చుండిపోయాడు.

దాచడానికి ఇంకేమీ లేకపోయేసరికి మాట దానంతటదే వచ్చింది. రాసింది రెనాతో. తన మార్పును తానే యంత్రంలోకి చేర్చకూడదన్న నియమం ఉంది కాబట్టి నిబాల్దో పేరు వాడుకుంటానన్నాడు. చోటు మిగిల్చే చిన్న పనే కదా అన్నాడు. డిసెంబరులో కొంతమందిని తీసేస్తారని, ఆ జాబితా తనే రాస్తానని కూడా అదే నోటితో అన్నాడు. నిబాల్దోకు ఇద్దరు పిల్లలు.

"ఆ వారం అతనెక్కడున్నాడు?"

"పుంతా అరెనాస్‌లో. మామగారి పుట్టినరోజని సోమవారం దాకా సెలవు పెట్టాడు. వస్తూ కలఫాతే పండు మిఠాయిలు తెచ్చాడు, అందరం తిన్నాం." నిబాల్దో తల వంచుకున్నాడు. "నేను నాలుగు తిన్నాను."

పేరు మార్చాలని గుర్తున్న మనిషికి గడియారం మార్చాలని తోచలేదు. తోచదు కూడా. మగయానెస్ వెళ్లేవాళ్లు విమానం దిగి గంట ముందుకు జరుగుతారు, వెనక్కి రాగానే ఆ సంగతి మరిచిపోతారు. సంచిలోని కంప్యూటరు చడీచప్పుడు లేకుండా తన పని తాను చేసుకుపోతుంది. ఎంత జాగ్రత్తపరుడైనా కాలు జారేది అలవాటైన గడప దగ్గరే.

ఎలియానా పాత ముక్కకు నకలు తీయడం మొదలుపెట్టింది. ఫైలు దారిన వెళితే గరగరే వస్తుంది, ఫైలును పక్కన పెట్టి డిస్కు మీది చోటును నేరుగా చదవాలి. ఆ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్క కట్టడంతోనే ముప్పావుగంట గడిచిపోయింది. మొదటి లెక్క తప్పింది. రెండోదీ తప్పింది. మూడోసారి అంకెలు వేస్తుండగా జేబులో ఫోను మోగింది.

అది మెయిలు. మాస్తిల్‌లో ఏ మార్పు యంత్రంలోకి చేరినా, రాసినవారికీ చదివినవారికీ కబురు దానంతటదే వెళుతుంది. మనుషులు పంపేది కాదు, అందుకని ఆపాలని ఎవరికీ గుర్తుండదు. మార్పు చేరింది. రాసినవారు: నిబాల్దో త్రూరెయో. చదివినవారు: ఎలియానా కారిపాన్. వేళ: ఒంటిగంట ఇరవై రెండు. ఎనిమిదో యంత్రం ఒంటిగంటన్నరకు కొత్త మార్పుతో మళ్లీ మొదలవుతుంది.

సాక్ష్యం పోవడం ఒక్కటే కాదు. రేపు ఎవరైనా అడిగితే, ఆ అయిదు నిమిషాలను తుడిచిన మార్పు కింద ఉన్న పేరు ఆమెది. మిలెంకాను ముంచిన చేత్తోనే ఆమెనూ ముంచుతున్నాడు, అదీ ఆమె పేరుతోనే.

"ఎనిమిది నిమిషాల్లో నకలు అవుతుందా?" అన్నాడు నిబాల్దో.

"ఇరవై పడుతుంది."

తలుపు తెరుచుకుంది. రెనాతో లోపలికి వచ్చాడు. పైనుంచి పరుగున వచ్చినట్టున్నాడు, ఆయాసం దాచుకుంటున్నాడు. పొరపాటున మీ పేరు పడిపోయింది, సాయంత్రం సరిచేస్తాను, ఇప్పుడు మాత్రం గది ఖాళీ చేయండి అన్నాడు. యంత్రం మళ్లీ మొదలయ్యేటప్పుడు ఎవరూ ఉండకూడదన్నది నియమమట. నియమాల మీద అతనికి అంత భక్తి ఉందని ఎలియానాకు ఆ రోజే తెలిసింది.

ఆమె లేవలేదు. ఎనిమిదో అర ముందుకు జరిగి, రెండో డిస్కు గొళ్లెం మీద బొటనవేలు పెట్టింది.

"దాన్ని ముట్టుకోవద్దు," అన్నాడతను. "కోర్టు ఇచ్చింది చూడటానికి, నకలు తీసుకోవడానికి. డిస్కు పీకడానికి కాదు. పీకితే దొంగతనం కింద పోలీసుల్ని పిలుస్తాను."

"నకలు తీసుకోవచ్చని మీరే చదివారు కదా. మొదటి డిస్కుకు ఈ రెండోది నకలు. నేను అనడం లేదు, మీ యంత్రం మీద మీరే రాసిపెట్టుకున్నారు."

"దొన్యా ఎలియానా, మీ పేరు ఆ మార్పు కింద ఉంది. ఇప్పుడు మీరేం చేసినా మీ మెడకే చుట్టుకుంటుంది. ఆలోచించుకోండి."

"నేను పేరు పెట్టలేదు, పెట్టను. నా పేరు నేను రాస్తే తప్ప నాది కాదు. ఇదిగో, ఈ పని మాత్రం నాదే. రాసుకోండి, వేళతో సహా."

గొళ్లెం టక్కుమంది. ఒంటిగంట ఇరవై ఎనిమిదికి డిస్కు ఆమె చేతిలోకి వచ్చింది. వెచ్చగా, వేయించిన సోపాయిపీయ రొట్టెల పొట్లమంత బరువుగా ఉంది. రెనాతో రెండడుగులు ముందుకు వేశాడు. అంతవరకూ నేల మీద కూర్చున్న నిబాల్దో లేచి వాళ్లిద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. పొడగరి కాదు, బలశాలీ కాదు. కానీ కదల్లేదు.

"అది నేను రాయలేదని కాగితం మీద రాసిస్తాను," అన్నాడు. "డిసెంబరు దాకా ఎందుకు, జాబితాలో నన్ను ఇవాళే రాసుకోండి."

రెనాతో పిలుస్తానన్న పోలీసులను పిలవలేదు. పిలవమని ఎలియానా అడిగింది కూడా, రెండింటిలోపల వస్తే మరీ మంచిదంది. దొంగకు తేలు కుట్టినట్టు అతను అక్కడే నిలబడిపోయాడు. బయటికి వెళితే వీళ్లేం వింటారో తెలియదు, ఉంటే తనూ వినాలి. ఒంటిగంటన్నరకు ఎనిమిదో యంత్రం ఆగి మళ్లీ మొదలైంది. మిగిలిన డిస్కు దీపం నిమిషంపాటు చకచకా కొట్టుకుని నిలకడగా వెలిగింది. దాని మీద ఆ అయిదు నిమిషాలు ఇప్పుడు నిజంగానే లేవు. లోకంలో ఉన్నది ఒక్కటే ప్రతి, అదీ ఆమె ఒళ్లో.

డిస్కును తన కంప్యూటరుకు తగిలించింది, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా కట్టేసి. మూడో లెక్క సరిపోయింది. ఒంటిగంట యాభై ఒకటికి ఆ గదిలో గాలి హోరు వినిపించింది. గది ఏసీ హోరు కాదది, జూన్ తొమ్మిదినాటిది.

"పోర్ఫియాదా, పోర్ఫియాదా, కాలెతా ఎస్పేరా. లోపలికి రావద్దు. గాలి వేగం నలభై ఎనిమిది నాట్స్. వెనక్కి తిరిగి అఖాతంలో ఆగండి. విన్నారా?"

మిలెంకా గొంతు. తొణక్కుండా, బెణక్కుండా, పని తెలిసిన మనిషి గొంతు. విన్నాం, తిరుగుతున్నాం అని పడవ నుంచి జవాబు. మొదటి నిమిషంలోనే అయిపోయింది. అంతే అయితే మిగతా నాలుగు నిమిషాలూ ఎందుకు చెరిపారు?

ఎలియానా ఆపకుండా వింది. రికార్డు చేసే పెట్టె రేవులోని రేడియో చానెళ్లన్నిటినీ ఒకే ఫైలులో పోస్తుంది. రెండూ పదికి ఇంకో చానెల్ పలికింది, మిలెంకా బల్ల మీద వినిపించనిది. ఒక మగ గొంతు. ఆ పిల్ల మాట వదిలెయ్, సరుకు ఇవాళ దిగాల్సిందే, లోపలికి రా అంది. గాలి మరీ ఎక్కువగా ఉంది పెద్దాయనా అని పడవవాడు గొణిగాడు. పూచీ నాదన్నానా లేదా అంది ఆ గొంతు. ఆ తర్వాత గాలి ఒక్కటే మిగిలింది.

ఎలియానా ఫోను తీసింది. ఒంటిగంట యాభై ఆరు. నాలుగోసారి మోగాక మిలెంకా ఎత్తింది. హాలులోకి పిలిచేస్తున్నారని, ఇంక మాట్లాడలేనని అంది.

"మాట్లాడకు, విను," అని ఎలియానా ఫోనులో రికార్డు మీట నొక్కి దాన్ని కంప్యూటరు దగ్గర పెట్టింది.

మొదటి నిమిషం అయ్యేసరికి అటువైపు నుంచి ఏడుపు వినిపించింది. చెప్పాను, చెప్పాను అని ఆ పిల్ల అదే మాట అనుకుంటూ ఉంది, ఎవరికో కాదు, తనకు తానే. ఎలియానా కళ్లు కూడా తడిశాయి. తుడుచుకోలేదు. రెండో గొంతు మొదలైంది. ఏడుపు ఆగింది. రికార్డింగు ముగిసింది.

"ఎవరిదా గొంతు? తెలుసా నీకు?"

"తెలుసండీ." మిలెంకా మాట చాలా నెమ్మదిగా వచ్చింది. "ఇక్కడి గోలలో సరిగా వినపడక ఫోను స్పీకర్‌లో పెట్టాను. ఆయన నా పక్కనే కూర్చుని ఉన్నారు. అంతా విన్నారు."

ఫోను చేతులు మారిన చప్పుడు. పొద్దున విన్న తగ్గు గొంతే, కాకపోతే ఇప్పుడందులో తండ్రితనం లేదు.

"సెన్యోరా," అన్నాడు డాన్ సందాలియో, "మా అల్లుడు అక్కడే ఉన్నాడా? ఒకసారి ఫోనివ్వండి."

ఎలియానా తల తిప్పి చూసింది. రెనాతో ఫోను కోసం చెయ్యి చాచలేదు. ఆమె అతని వైపు చూస్తూనే, ఫోను ఇవ్వననీ, ఆయన ఇప్పుడన్న మాట కూడా తన దగ్గర రికార్డయిందనీ చెప్పింది.

అవతల హాలు తలుపు తెరిచినట్టున్నారు. గుమాస్తా ఎవరో మిలెంకా గల్లార్దో అని పేరు పిలిచాడు. కుర్చీ నేల మీద ఈడ్చిన చప్పుడు, తర్వాత ఫోను కోసం పెనుగులాట, తర్వాత ఆమె గొంతు ఫోనుకు బాగా దగ్గరగా, రేడియోలో మాట్లాడినంత స్పష్టంగా వినిపించింది.

"నేనే. నేను ఒప్పుకోవడం లేదు. తలుపు వేయించండి, ఈయన బయటికి వెళ్లకూడదు. ముందు అందరూ ఇది వినండి."